తీగ నాటినవాడికి ఏం ముడుతుంది?

1906లో న్యూగినీ అడవిలో ఆల్బర్ట్ మీక్ అనే సేకర్త ఒక సీతాకోకచిలుకను తుపాకీతో కాల్చి పడగొట్టాడు. వలకు అందనంత ఎత్తున తిరిగే జాతి అది. మరుసటి ఏడాది వాల్టర్ రోత్‌షీల్డ్ దానికి బ్రిటన్ రాణి అలెగ్జాండ్రా పేరు పెట్టాడు. ప్రపంచంలో దానికి మించిన సీతాకోకచిలుక లేదు. ఆడది రెక్కలు చాపితే జానెడు దాటుతుంది, పాతిక సెంటీమీటర్ల పైమాటే.

అది ఉండేది పాపువా న్యూగినీలో, ఓరో రాష్ట్రంలోని కాస్తంత అడవిలోనే. 1951లో లామింగ్టన్ అగ్నిపర్వతం పేలి అందులో పెద్ద భాగం కాలిపోయింది. తర్వాత ఆయిల్‌పామ్ తోటలు వచ్చాయి.

నేను ప్రహరీ పక్కన ఈశ్వరి తీగ పెంచుతాను. చూసినవాళ్లు ఆకులకు పురుగు పట్టింది, మందు కొట్టమంటారు. ఆ పురుగు కోసమే కదా పెంచేది! ఎర్ర ఒంటి నల్ల సీతాకోకచిలుకలు దాని మీదే గుడ్లు పెడతాయి. ఓరో అడవిలో రాణిగారి పిల్లలు తినేదీ ఈ కుటుంబపు తీగే. వేరే ఆకు ముట్టవు. నల్లటి ఒళ్లు, ఎర్రటి మెత్తని ముళ్లు, నడుమున మీగడ రంగు పట్టీ ఉన్న ఆ గొంగళిపురుగు ఆకుతోపాటు అందులోని విషాన్నీ ఒంట్లో దాచుకుంటుంది. గుడ్డు రెక్కల పురుగయ్యేసరికి దాదాపు నాలుగు నెలలు. అన్నాళ్లూ తీగ నిలవాలి, తీగ పాకే చెట్టు నిలవాలి.

ఈ జాతితో అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటిస్ ఒప్పందం నిషేధించింది. మంచిదే. కానీ నిషేధం వలను ఆపుతుంది, గొడ్డలిని ఆపదు. అక్కడ అడవి చాలావరకు ఊరి వంశాలదే. గెలలకు డబ్బొస్తుంది, తీగకు రాదు. ఆయిల్‌పామ్ వేసిన మన గోదావరి రైతుకు ఆ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. అదే దేశంలో వేరే పెద్దరెక్కల జాతుల కోసం ఊరివాళ్లు పెరటి అంచున తీగలు నాటి, వచ్చిన ప్యూపాల్లో కొన్ని పెంచి అమ్ముకుంటున్నారు, మిగతావి ఎగిరిపోతాయి. రాణికి ఆ దారి లేదు. తలుపు కొంచెం తెరిచినా దొంగ సరుకు దూరుతుందన్న భయం న్యాయమైనదే. అయినా తీగ నాటిన కుటుంబానికి దక్కేది సున్నా అయితే ఆ తీగ నిలవదని నా నమ్మకం. అమ్మకం వద్దంటే, ఆ సీతాకోకచిలుకను చూడ్డానికి వచ్చేవాళ్ల నుంచో, ఆ నేల మీది పామాయిల్ అమ్ముకునే కంపెనీల నుంచో వాళ్లకు ఏటా సొమ్ము అందాలి.