గోల్ఫ్ పోయి చీపురొచ్చింది

ఈ వారం బ్రెజిల్ నుంచి వచ్చిన ఓ పాత వైద్య వ్యాసం చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. 'ఎస్‌ఎఫ్-36' అని అమెరికాలో తయారైన ప్రశ్నావళి ఒకటుంది. జబ్బు మనిషి రోజువారీ బతుకును ఎంతవరకు కుదించిందో 36 ప్రశ్నల్లో రాబడుతుంది. బల్ల జరపడం, వ్యాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేయడం, బౌలింగ్, గోల్ఫ్ ఆడటం వంటి ఓ మోస్తరు పనులకు మీ ఆరోగ్యం అడ్డొస్తోందా అని అందులో ఓచోట అడుగుతారు. రోజానా సికొనెల్లి, ఆమె సహచరులు దీన్ని తమ రోగుల కోసం పోర్చుగీసులోకి తెచ్చి 1999లో ప్రచురించారు. అందులో బౌలింగ్, గోల్ఫ్ లేవు. వాటి చోట బంతాట, ఇల్లు ఊడవడం ఉన్నాయి. నడక గురించి అడిగేచోట మైలు పోయి కిలోమీటరు వచ్చింది.

ఈ కాలమ్‌ను వదలకుండా చదివేవారికి నా పాత పోరు తెలుసు. బ్యాంకు ఫారం కానీ, బడి పుస్తకం కానీ, ఎక్కడో పుట్టిన కాగితం మన మనిషి చేతికి రావాలంటే ముందు మన ఇంట్లో నాలుగు పూటలు ఉండి రావాలంటాను.

ఈ పట్టుదల నాకు మా పెద్దత్త వల్ల వచ్చింది. మోకాళ్ల నొప్పులకు ఆవిణ్ణి ఓ ఆస్పత్రికి తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి ఫారం పట్టుకుని, "మామ్మగారూ, సాక్సులు వేసుకోవడానికి ఇబ్బందా?" అంది. "లేదమ్మా." "కారెక్కి దిగడానికి?" "లేదు తల్లీ." "స్నానం తొట్టిలోకి దిగడానికి?" "అబ్బే." పెద్దత్త జన్మలో సాక్సులు తొడగలేదు, తొట్టి ఎరగదు. ఆవిడ బాధంతా పీట మీద కూర్చుని కూరలు తరగడంలో, వాకిట్లో వంగి ముగ్గేయడంలో, దొడ్లో గొంతుక్కూర్చుని లేవడంలో ఉంది. భజనలో బాసింపట్టు వేయలేక గోడ పక్కన నిలబడేది. అవేవీ ఆ కాగితంలో లేవు. అడగని సంగతి ఏకరువు పెట్టడం ఆవిడకు అలవాటు లేదు. లెక్క కూడితే మోకాళ్లు దాదాపు బాగున్నట్టే తేలింది. "నా నొప్పి గురించి ఎవరూ అడగనే లేదేంట్రా?" అంది ఆటో ఎక్కాక.

జబ్బు వల్ల చేయలేకపోవడం వేరు, ఎన్నడూ చేయని పని కావడం వేరు. అందుకే ఇలాంటి ప్రశ్నావళిని సర్దేవాళ్లు మొదట కొందరు రోగుల దగ్గర దాన్ని పరీక్షిస్తూ 'ఇది నాకు వర్తించదు' అనే జవాబు కూడా ఇచ్చి చూస్తారు. ఎక్కువమంది ఆ జవాబు చెప్పిన ప్రశ్నను మారుస్తారు.

ఇంతవరకూ నా వాదనకు బలమే. కానీ ఆ పోర్చుగీసు ప్రశ్నను మళ్లీ చూస్తే వ్యాక్యూమ్ క్లీనర్ అలాగే ఉంది. బ్రెజిల్ పేదల ఇళ్లలో అదెక్కడిదని మొదట చిరాకేసింది. తర్వాత నాకు తోచిన కారణం ఇది: పక్కనే ఊడవడం ఉంది కాబట్టి ప్రశ్న బోధపడుతుంది, మార్చక తప్పని దాన్నే మార్చారు. ఊరికో కుంచం పెట్టుకుంటే సంతలో ధాన్యం కొలవలేం. ఒక మందు సావో పాలో రోగికి ఎంత మేలు చేసిందో వేరే దేశపు రోగితో పోల్చాలంటే ప్రశ్న బరువు మారకూడదు. గోల్ఫ్ తీసి మరీ తేలికైన పని పెడితే రోగి ఉన్నదానికంటే ఆరోగ్యంగా కనిపిస్తాడు, మరీ కష్టమైనది పెడితే ఉన్నదానికంటే కుంగినట్టు కనిపిస్తాడు.

అందుకే వాళ్లు మార్పు దగ్గర ఆగలేదు. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ ఉన్న 50 మందిని అడిగారు, మళ్లీ అడిగారు, వేరేవాళ్లతో అడిగించారు, జవాబులు నిలకడగా ఉన్నాయో లేదో చూశారు. ఆ వ్యాసంలో చీపురు నన్ను మురిపించింది, కానీ ఇప్పుడు ఈ ఓపికకే ఎక్కువ మొక్కుతాను.

తెలుగు రోగుల కోసం ఫారాలు రాసేవారిని ఇన్నాళ్లూ మన పనుల్ని చేర్చమనే అడిగాను. ఇకమీదట, చేర్చిన ప్రతి పనీ పాతదాని బరువే మోస్తోందని రోగుల దగ్గరే రుజువు చేయమని అంతకంటే గట్టిగా అడుగుతాను. ఆ రుజువు లేకపోతే మన ముగ్గు కూడా దిగుమతి ప్రశ్నలాగే రోగిని తప్పుగా కొలుస్తుంది.