రేడియో నేర్పిన సంగీతం

మారిషస్‌లో మన రామభజనలను గురించి తరచుగా వ్రాసే మేము ఈసారి దూరదేశపు సంగీతాన్ని గురించి వ్రాస్తున్నాము. కారణం చివర చెప్పెదము.

అమెరికా పశ్చిమ తీరాన శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి 1911లో స్థాపించిన సింఫనీ ఆర్కెస్ట్రా ఉంది. 1926లో ఒక చమురు కంపెనీ ఖర్చుతో ఈ వాద్యబృందపు కచేరీలు 'స్టాండర్డ్ అవర్' అనే పేరున రేడియోలో మొదలైనవి. ఫ్రెంచి దేశీయుడు పియేర్ మాంతో 1935లో కండక్టరుగా వచ్చి 1952 వరకు బృందాన్ని నడిపించారు. 1941 నుండి 1952 వరకు ఆయన నడిపిన రేడియో కచేరీలు తరువాత 13 సీడీలుగా వెలువడినవి. మేము వాటిని శ్రద్ధగా విన్నాము.

మాంతో మొదట వయోలా వాయించినవారు. వయోలా స్వరం వయొలిన్‌కు క్రింద, నడుమ నడుస్తుంది. ఎవరి చెవికీ ముందుగా అందదు. అందుకేనేమో, ఆయన కచేరీలో నడుమ వాద్యాలు మరుగున పడవు. పాట పైన సాగుతుంటే క్రింద దానిని మోసేవారు కూడా వినబడతారు. దీపం చుట్టూ తిరుగుతూ భజన పాడేటప్పుడు వెనుక వరుసవారి గొంతు కూడా వినబడితేనే నిండుదనం కదా!

లోపములు లేకపోలేదు. గంట సమయంలో పెద్ద కృతి పట్టదు. సింఫనీ మొత్తానికి బదులు ఒక్క భాగమే వినిపించిన సందర్భాలున్నాయి. రామాయణంలో సుందరకాండ ఒక్కటే చదివి పుస్తకం మూసినట్లుంటుంది. మాంతో మొదటి, రెండవ వయొలిన్ వారిని ఎదురెదురుగా కూర్చోబెట్టేవారు. ఆ అందం హాలులో కూర్చున్నవారిదే. నాటి రేడియో ఒక్క గొట్టంలో అది తెలియదు.

అయినా మమ్మల్ని ఆకట్టుకున్నది మరొకటి. 1928లో అదే కంపెనీ బడిపిల్లలకు 'స్టాండర్డ్ స్కూల్ బ్రాడ్‌కాస్ట్' అనే రేడియో పాఠం ప్రారంభించింది. కచేరీలో వినబోయే సంగీతాన్ని పిల్లలకు విప్పి చెప్పడం దాని తొలి ఉద్దేశం. కచేరీ చేసినవారికి వినడం కూడా నేర్పవలెనన్న తలంపు కలగడం గొప్ప విషయం.

ఇప్పుడు కారణం చెప్పెదము. సాయంకాలపు బడిలో తెలుగు నేర్చుకొని, అదే బడిలో పాఠం చెప్పే స్థితికి వచ్చాము. మా తరగతిలో ఒక అమ్మాయి కీర్తన తప్పు లేకుండా పాడింది. అర్థమేమని అడిగితే తల వంచుకున్నది. తప్పు ఆమెది కాదు, మాది. పాట చెవిలో వేసి ఊరుకున్నాము.

మన రేడియోలో తెలుగు పాట వస్తున్నది. ఆ వారం విన్న ఒక్క పాటనైనా మన బడిలో మాటమాటగా విడదీసి చెప్పుదాము. పలక మీద వ్రాయడానికి పది నిమిషాలు చాలు.