పులివేషానికి ఏ ఫార్మాట్?

బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తుంది. బుఢీ ఠాకురాణి గుడి వదిలి నేతగాళ్ల వీధికి, దేవాంగుల పెద్ద దేశిబెహరా ఇంటి దగ్గరకు, పుట్టింటికొచ్చిన ఆడపడుచుగా చేరుతుంది. ఘటాల ఊరేగింపు, మొక్కు తీర్చుకునే రకరకాల వేషాలు, వాటిలో అందరి కళ్లూ లాగేసే పులివేషం. సూరత్ మిల్లుల్లో ఉన్న గంజాం కుర్రాళ్లకూ, విశాఖలోనో హైదరాబాదులోనో స్థిరపడిన బరంపురం తెలుగువాళ్లకూ సెలవు దొరక్కపోతే యాత్ర ఫోన్లోనే వస్తుంది. వచ్చేసరికి పులి ఒంటిమీది చారలన్నీ అలుక్కుపోయి ఉంటాయి. తీసినవాడి చెయ్యి కారణం కాదు, పంపిన పద్ధతి కారణం.

ఒక నిమిషం 1080 వీడియోను కుదించకుండా దాస్తే 11 జీబీ దాటుతుంది. అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080, చుక్కకు 3 బైట్లు, సెకనుకు 30 ఫ్రేములు, లెక్క కట్టి చూసుకోవచ్చు. ఫోన్ దాన్ని సుమారు 130 ఎంబీకి దించుతుంది. పూర్తి బొమ్మను అది ఎప్పుడో ఒకసారి మాత్రమే రాస్తుంది. నడుమ వచ్చే ఫ్రేముల్లో ఏ ముక్క ఎటు జరిగింది, ఎంత మారింది అన్నదే రాసుకుంటుంది. పెళ్లిపీటల మీద కూర్చున్న వధూవరుల వెనక పందిరి కదలదు కాబట్టి అక్కడ ఖర్చు తక్కువ. పులివేషగాడు గంతేస్తున్నప్పుడు చారలు, వెనక జనం, మినుకుమినుకుమనే రంగు దీపాలు అన్నీ ఒకేసారి మారిపోతాయి. కిందటి ఫ్రేములో జోడీ దొరికే ముక్కలు చాలా తక్కువ. గోపాలపూర్ ఒడ్డున కెరటాల నురగదీ ఇదే బాధ. కేటాయించిన బిట్లు చాలనప్పుడే తెరమీద చదరపు గళ్లు పైకి తేలతాయి.

రంగు విషయంలో ఇంకో కోత ఉంది. వెలుగునీడలు ప్రతి చుక్కకూ దాస్తారు కానీ రంగును మామూలుగా నాలుగు చుక్కలకు కలిపి ఒక్కసారే దాస్తారు. పులి పసుపు, నలుపు చారల్లో వెలుగు తేడా ఎక్కువ కనుక గీత నిలబడుతుంది. ముదురు చీర మీది ఎర్ర అంచు మాత్రం పక్కకు పాకుతుంది.

ఇక కుదింపు ఫార్మాట్ ఎంపిక. 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ, 2018లో వచ్చిన ఏవీ1, ఇంట్లోవాళ్లకు ముఖ్యమైనవి ఈ మూడు. హెచ్‌ఈవీసీ దాదాపు సగం సైజులోనే హెచ్.264 నాణ్యత ఇవ్వగలదు. ఏవీ1 ఇంకాస్త పొదుపరి, పైగా రాయల్టీ లేనిది, కాకపోతే పాత కంప్యూటర్లో దాన్ని తయారుచెయ్యడానికి ఓపిక కావాలి. పొదుపు చూసి కొత్తదాని వైపు పోవాలనిపిస్తుంది. నా ఓటు మాత్రం ఇప్పటికీ హెచ్.264కే. పంపేది ఒక్కరికి కాదు, ఇరవైమంది చుట్టాలకు. వాళ్లలో పాత ఫోను ఎవరిదో, పదేళ్లనాటి టీవీ ఎవరిదో దాన్నిబట్టే ఫార్మాట్ తేలాలి. ఫైలు పేరు చివర ఎమ్‌పీ4 అని చూసి ధీమా పడకూడదు. అది డబ్బా మాత్రమే, లోపల హెచ్.264 ఉండొచ్చు, హెచ్‌ఈవీసీ ఉండొచ్చు. పెన్‌డ్రైవ్ పెడితే మాట వినబడి బొమ్మ రాలేదంటే చాలాసార్లు సంగతి ఇదే. 2017 నుంచి ఐఫోన్లు మామూలు సెట్టింగులోనే హెచ్‌ఈవీసీలో తీస్తున్నాయి.

కుదించడానికి హ్యాండ్‌బ్రేక్ చాలు, ఉచితం. అందులో సైజు ముందే బిగించకుండా నాణ్యతను బిగించండి. 20–22 మధ్య అంకె ఇస్తే మేలు, అంకె తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైలు పెరుగుతుంది. అప్పుడు పీటల మీది దృశ్యం తక్కువ బిట్లతో సరిపెట్టుకుంటుంది, పులి గంతుకు కావలసినన్ని అదే తీసుకుంటుంది. సైజు బిగిస్తే నష్టపోయేది ఎప్పుడూ పులే. వెబ్ కోసం అన్న గడిలో టిక్కు పెడితే, ఫైలు పూర్తిగా దిగకముందే బొమ్మ మొదలవుతుంది. ధ్వనికి ఏఏసీ.

అంతా చేసి వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది మళ్లీ కుదించేస్తుంది. కుదించినదాన్ని కుదిస్తే మొదటిసారి పడ్డ గళ్లను కూడా బొమ్మలో భాగమనుకుని వాటికీ బిట్లు ఖర్చుపెడుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ వరకు వెళ్తుంది, ఫైలు మారదు. యూట్యూబ్ ఎలాగూ తనే మళ్లీ కుదించుకుంటుంది కాబట్టి దానికి ఫోన్లోని అసలు ఫైలే ఇవ్వడం మంచిది.

పాత సరుకు సంగతి. పెళ్లి వీడియోలు వీసీడీల్లో వచ్చిన రోజుల్లో ఒక్కో డిస్కులో 74 నిమిషాలు, బొమ్మ 352 చుక్కల అడ్డం, 288 నిలువు. బీరువాలో అవి ఉంటే ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసుకోండి, పెద్దది చేసి మళ్లీ కుదిస్తే లేని వివరం పుట్టదు. పెద్దది చేసే పని చూసేటప్పుడు టీవీయే చేసుకుంటుంది. మినీ డీవీ క్యాసెట్ల తరహా వేరు. వాటిలో ప్రతి ఫ్రేమూ దేనికది కుదించి ఉంటుంది, గంటకు 13 జీబీ దాకా అవుతుంది, అది అలాగే హార్డ్ డిస్కులో దాచాలి. చుట్టాలకు పంపే కాపీ చేసేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త: ఆ కెమెరాలు సెకనుకు 50 సగం బొమ్మలు తీసేవి, సరి వరసలొకసారి, బేసి వరసలొకసారి. విడదీయకుండా ఫోన్లో చూపితే పులి చెయ్యి ఊపినచోటల్లా దువ్వెన పళ్లు కనబడతాయి. ఆ సగాలను విడదీసి, అంటే డీఇంటర్‌లేస్ చేసి, 50 ఫ్రేములుగా మార్చితే ఆ గంతు అప్పటి వేగంతోనే కదులుతుంది.