గుడ్ల కాపలా

శ్రీకాకుళం తీరంలో జనవరి నుంచి మార్చి దాకా కొందరు మత్స్యకార యువకులకు డ్యూటీ రాత్రిపూటే. 2002లో సుప్రజా ధారిణి చెన్నైలో స్థాపించిన ట్రీ ఫౌండేషన్, అటవీశాఖతో కలిసి వీళ్లను కాపలాకు పెట్టుకుంది. కాపాడాల్సింది ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను.

చెప్పుకోడానికి తేలికే. ఇసుకలో తాబేలు పాకిన జాడ పట్టుకుని, అది గొయ్యి ఎక్కడ పూడ్చిందో కనిపెట్టాలి. సన్నని కర్రతో మెల్లగా గుచ్చి చూస్తే, గుల్లగా ఉన్నచోట సర్రున దిగుతుంది. ఆపైన పనంతా చేతులతోనే. పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు, తరచూ వందకు పైగానే. దొర్లించకుండా, కుదపకుండా కొద్ది గంటల్లోనే హేచరీకి చేర్చాలి. ఆలస్యమయ్యాక కదిపితే లోపలి పిండం దెబ్బతింటుంది. అక్కడ కూజా ఆకారంలో మూరెడు లోతు గొయ్యి తవ్వి పూడుస్తారు. కుక్కలు, నక్కలు రాకుండా చుట్టూ వల.

పొదగడానికి 45 నుంచి 60 రోజులు. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడే తేలుస్తుంది. అందుకే ఎండ ముదిరితే పైన నీడ కావాలి. జీవశాస్త్రం పాఠమే, కాకపోతే పరీక్ష రోజూ ఉంటుంది!

అసలు బెడద ట్రాలర్లది. వలలో చిక్కిన తాబేలు పైకొచ్చి గాలి పీల్చుకోలేక చనిపోతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాల లెక్క రాసుకోవడమూ ఈ ఉద్యోగంలో భాగమే.