మార్కులు తోట దాకా రావాలి

కాఫీ రుచి చూడటానికి ఒక పద్ధతి ఉంది. కప్పింగ్ అంటారు. 8.25 గ్రాముల పొడికి 150 మిల్లీలీటర్ల నీళ్లు. 93 డిగ్రీల దగ్గరున్న ఆ నీళ్లు పోయగానే పొడి పైకి తేలి తెట్టు కడుతుంది. నాలుగు నిమిషాలు దాన్ని కదపకూడదు. తర్వాత ముక్కు కప్పుకు దగ్గరగా పెట్టి, చెంచాతో తెట్టును పక్కకు తోస్తే ఒక్కసారిగా వాసన ఎగదన్నుతుంది. కాస్త చల్లారాక చెంచాడు తీసుకుని, నోరంతా పరుచుకునేలా చప్పుడు చేస్తూ జుర్రుకోవాలి. ఒక్కో రకానికి ఐదు కప్పులు పెడతారు. పాడుగింజ ఒక్క కప్పులో పడినా దొరికిపోతుంది. ఈ సాధన చేస్తున్నకొద్దీ నాకు కాఫీ మీద, పండించేవాళ్ల మీద గౌరవం పెరుగుతూనే ఉంది.

ఈ కొలతలు ఏ ఒక్కరి ఇష్టాన్నో బట్టి వచ్చినవి కావు. మేలురకం కాఫీ మీద మక్కువ ఉన్న చిన్న వ్యాపారులు 1982లో అమెరికాలో సంఘం పెట్టుకున్నారు. 1998లో ఐరోపాలో మరొకటి వచ్చింది. 2017లో రెండూ కలిసి స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ అయ్యాయి. కప్పింగ్‌లో నూటికి 80 మార్కులు, ఆపైన వస్తేనే స్పెషాల్టీ అన్న కొలమానాన్ని లోకమంతా వ్యాపింపజేసింది ఈ సంఘాలే. వేయించని గింజలకూ పరీక్ష ఉంది. 350 గ్రాముల నమూనాలో పూర్తిగా నల్లబడిన గింజ, పులిసిన గింజ ఒక్కటి కూడా ఉండకూడదు.

ఈ లెక్కలు ఎందుకు ముఖ్యమో తోటలోకి వెళ్తే తెలుస్తుంది. కాఫీ పళ్లు ఒకే కొమ్మ మీద కొన్ని ఎర్రగా పండి, కొన్ని పచ్చిగా ఉంటాయి. పండినవే ఏరాలంటే ఒకే చెట్టు దగ్గరకు మూడు నాలుగు సార్లు పోవాలి. ప్రతిసారీ కూలి ఖర్చే. ఏరి కోసినా, దూసి కోసినా ఒకటే ధర అయితే ఆ శ్రమ ఎవరు పడతారు?

మన దేశం ఈ ప్రశ్నతో చాలాకాలం గడిపింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఎగుమతులు ఆగి తోటలు నష్టపోతున్నప్పుడు 1942లో కాఫీ చట్టం తెచ్చారు. పంటంతా కాఫీ బోర్డు సేకరించి అమ్మేది. రైతుకు అది నిజంగా అండే. అయితే ఎవరి గింజలైనా ఆ ఉమ్మడి రాశిలో కలవాల్సిందే. 1990ల సంస్కరణలతో రైతు తన పంట తానే అమ్ముకోగలిగాక, తోట పేరుకు, రుచికి విలువ వచ్చింది.

అయితే ఆ స్వేచ్ఛ అందరికీ ఒకేలా అందదు. చిక్కమగళూరు ఎస్టేటుకు సొంత ల్యాబ్ పెట్టుకునే స్తోమత ఉండొచ్చు. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య ఎకరం రెండెకరాల్లో కాఫీ వేసే గిరిజన రైతుకు అది ఎక్కడిది? అక్కడ సంఘమే దిక్కు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, రైతుల సహకార సంఘాలు, కాఫీ బోర్డు కలిసి నిలబడబట్టే అరకు గింజకు బయట పేరొచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ఇంకొక అడుగు మిగిలి ఉందని నా నమ్మకం. కప్పింగ్ బల్ల నగరాల్లో ఆగిపోకూడదు, కోతల కాలంలో కొండ ఊళ్లకు ఎక్కాలి. తన గింజలకు ఎన్ని మార్కులొచ్చాయో, ఏ లోపం వల్ల తగ్గాయో రైతుకు ఆయన మాటల్లోనే చెప్పాలి. పళ్లు కోశాక ఆలస్యం చేస్తే పులుపెక్కుతుందనీ, తడి ఆరకుండా మూటకడితే బూజు వాసన వస్తుందనీ వందసార్లు చెప్పినా ఎక్కనిది, తన కాఫీనే రెండు కప్పుల్లో రుచి చూస్తే ఒక్కపూటలో తెలుస్తుంది. రుచి తెలిసిన రైతు ధర దగ్గర గట్టిగా మాట్లాడగలడు.

కాఫీ బోర్డుకు, సహకార సంఘాలకు నా విన్నపం ఒక్కటే. నవంబరులో కోతలు మొదలవగానే ఊరికో కప్పింగ్ శిబిరం పెట్టండి. మార్కుల కాగితం కొనేవాడి చేతికి వెళ్లేముందే పండించినవాడి చేతిలో పెట్టండి.