మణిపూర్ తల్లుల మీద మనం రాసినవి

2023 జూలై 19న ఆ వీడియో బయటికి వచ్చాక మన ఆదివాసీ రచయితలు మణిపూర్ మీద చాలా కవితలు రాశారు. మేమూ రాశాం. సభల్లో చదివాం, చదువుతూ ఏడ్చాం. ఇప్పుడు వాటిని మళ్లీ తీసి చూస్తే ఒక తప్పు కనిపిస్తోంది. అది ఒక్కరి తప్పు కాదు గనుక ఎవరి పేరూ ఎత్తడం లేదు. అందులో మా కవిత కూడా ఉంది.

2004 జూలై 15న ఇంఫాల్‌లో కంగ్లా కోట గేటు ముందు బట్టలు విప్పి నిలబడ్డ పన్నెండు మంది తల్లులను, 2023 మే 4న మూక బట్టలు ఊడదీసి నడిపించిన స్త్రీలను మనం ఒకే పాదంలో పెట్టాం. చదివేవాళ్లకు వీళ్లంతా ఒక ఇంటివాళ్లే అనిపిస్తుంది. కాదు. కంగ్లా తల్లులు మైతేయీలు. తంగ్జం మనోరమను అస్సాం రైఫిల్స్ వాళ్లు పట్టుకుపోయాక ఆమె శవమై దొరికినందుకు సైన్యాన్ని నిలదీసినవాళ్లు. 2023లో అవమానం పాలైనవాళ్లు కుకీ-జో స్త్రీలు. వాళ్లను నడిపించింది మైతేయీ మగవాళ్ల మూక. ఇంత దూరం ఉన్న రెండు సంగతులను 'మణిపూర్ తల్లి' అనే ఒక్క మాటతో కలిపి కుట్టేశాం.

మీరా పైబీలంటే కాగడాలు పట్టిన ఆడవాళ్లు. 1970ల చివరలో సారాకు, తాగుబోతు మొగుళ్లకు వ్యతిరేకంగా రాత్రిపూట వీధులు కాసిన మైతేయీ స్త్రీలు వీళ్లు. తరువాత సైనిక దళాల ప్రత్యేకాధికారాల చట్టానికి ఎదురు నిలిచారు. కంగ్లా నిరసన జరిగిన ఏడాదే ఇంఫాల్ మునిసిపాలిటీలో కొంత ప్రాంతం నుంచి ఆ చట్టాన్ని ఎత్తేశారు, అస్సాం రైఫిల్స్ కోటను ఖాళీ చేసింది. ఇది చిన్న విజయం కాదు. మన దగ్గర సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన స్త్రీలు గుర్తొచ్చి వాళ్లను మనవాళ్లే అనుకున్నాం.

కానీ 2023లో గొడవ సైన్యానికీ జనానికీ మధ్య కాదు, పక్కపక్క జనాల మధ్య. 200 మందికి పైగా చనిపోయారు, దాదాపు 60 వేల మంది ఇళ్లు వదిలారు. జూన్ 24న ఇథాం ఊళ్లో స్త్రీలు ముందుండి నడిపిన పెద్ద గుంపు సైన్యాన్ని చుట్టుముడితే, పట్టుకున్న పన్నెండు మంది సాయుధులను వదిలేశామని సైన్యమే ప్రకటించింది. కుకీ ఆడపిల్లలను మీరా పైబీలే మూకకు అప్పగించారన్న ఆరోపణలూ వచ్చాయి. కుకీ స్త్రీలూ తమ వైపు జాతీయ రహదారి మీద కూర్చుని అడ్డగించారు. మరోవైపు, వీడియో బయటపడ్డాక ప్రధాన నిందితుడి ఇంటిని తగలబెట్టింది అతని ఊరి మైతేయీ ఆడవాళ్లే. ఇవన్నీ ఒకే ఏడాది సంగతులు. మన కవితల్లో వీటిలో ఏ ఒక్కటీ లేదు. తల్లి అంటే శాంతి అని ముందే తేల్చుకుని కూర్చున్నాం గనుక, ఎవరి తల్లి అని అడగలేదు.

అడిగి ఉంటే నాగాలాండ్ దాకా వెళ్లేవాళ్లం. 1984లో కోహిమాలో మొదలైన నాగా మదర్స్ అసోసియేషన్ 1994లో 'ఇక రక్తం చిందించవద్దు' అని ప్రచారం పెట్టింది. వాళ్లు అడవిలోని దళాల దగ్గరికి వెళ్లి, ఒకరినొకరు చంపుకుంటున్న నాగా వర్గాలన్నిటితోనూ మాట్లాడారు. శాంతి కోసం తల్లులు కావాలని అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. అదే స్త్రీలు పట్టణ సభల్లో 33 శాతం సీట్లు అడిగేసరికి అది నాగా ఆచారానికి విరుద్ధమని తెగల సంఘాలు లేచాయి. 2017లో కోహిమాలో ప్రభుత్వ భవనాలు తగలబడ్డాయి, దిమాపూర్‌లో ఇద్దరు యువకులు చనిపోయారు. ఆ సీట్లతో ఎన్నికలు జరిగింది 2024 జూన్‌లో. కన్నీళ్లు తుడిచేటప్పుడు తల్లి, కుర్చీ అడిగితే ఆచారం చెడగొట్టేది. మన రాయి సెంటర్లలో ఎంతమంది స్త్రీలు కూర్చుంటున్నారో తెలిసినవాళ్లకు ఇది కొత్త కథ కాదు.

ఇంత దూరం పోయి మణిపూర్ మీద రాసిన మనకు దగ్గరి సంగతి ఒకటి ఉంది. అక్కడ మంట అంటుకున్న కారణాల్లో మైతేయీలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చాలన్న డిమాండు ఒకటి. మన ఆదిలాబాద్‌లోనూ 1976 సవరణతో జాబితాలోకి వచ్చిన లంబాడాల మీదే గొడవ. 2017 డిసెంబరులో ఉట్నూరులో కొట్లాటలు జరిగాయి, నిషేధాజ్ఞలు పెట్టారు. మేమూ ఊరేగింపులో నడిచాం. ఆ డిమాండు న్యాయమైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాం. కానీ మా బడిలో లంబాడా టీచరమ్మను గూడెంలోకి రావద్దన్నప్పుడు మేము నోరెత్తలేదు. ఆమె ఒకటో తరగతి పిల్లలకు మూడు వారాలు పాఠం లేదు.

ఆ మూడు వారాలూ మధ్యాహ్న భోజనం వండే అక్కలిద్దరూ, ఒకరు గోండు, ఒకరు తండా నుంచి వచ్చేవారు, ఒకే పొయ్యి దగ్గర వండారు. గూడెం మగవాళ్లు అడిగితే గోండు అక్క, "ఈమె రాకపోతే నూట పది మందికి అన్నం నువ్వొచ్చి వారుస్తావా?" అంది. వాళ్లు వెళ్లిపోయారు. టీచరమ్మను మళ్లీ పిలవమని సర్పంచ్ ఇంటికి వెళ్లిందీ ఆమే. దానికి మీటింగు లేదు, బ్యానరు లేదు. మేము ఆ ఏడాది కవితలు రాశాం గానీ ఆమె మీద ఒక్కటీ రాయలేదు. మొన్న వెళ్లి అడిగితే, అదీ ఒక సంగతేనా సారూ అని, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంది.