పెట్టెలో ఏముందో చెప్పే నోట్సు

హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి శాస్త్ర పరికరాలతో బెలూన్లు ఎగరబోతున్నాయంటే ముందుగా ఒక ప్రకటన వెలువడుతుంది. పరికరాలు దిగే అవకాశమున్న జిల్లాల జాబితాలో సంగారెడ్డి పేరు ఉంటుంది. చేలో రంగు పారాచూట్ పడితే దానికి 20 నుంచి 40 మీటర్ల తాడు, తాడుకు పెట్టె ఉంటాయని, దాన్ని విప్పకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో పోస్టాఫీసుకో కబురు చేయాలని చెబుతుంది. కొన్ని పెట్టెల్లో హై వోల్టేజి ఉంటుందని హెచ్చరిస్తుంది. విప్పితే విలువైన శాస్త్ర సమాచారం పోతుందని కూడా ఒక మాట ఉంటుంది.

ఆ సమాచారానికి అంత విలువ ఎందుకు? ఆ జిల్లాలోని జహీరాబాద్ చెరకు రైతు అడగదగ్గ ప్రశ్నే ఇది. ప్రకటన జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటుంది. మిగతాది రాసేవాళ్లు చెప్పాలి. చెప్పాలంటే ‘అద్భుతం’, ‘చారిత్రాత్మకం’ లాంటి విశేషణాలు చాలవు. పరిశోధకులు రాసుకున్న నోట్సులోకి దిగాలి.

తెలుగులో ఈ పని చేసినవాళ్లు లేకపోలేదు. పత్రికా సంపాదకుడిగా ఉంటూ నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’ రాశారు. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ భౌతికశాస్త్రం తెలిసి రాశారు. వాళ్ల బలం వర్ణనలో కన్నా వరసలో ఉంది. శాస్త్రజ్ఞుడికి ఏ సందేహం వచ్చింది, దాన్ని తీర్చుకోవడానికి ఏం చేశాడు అన్న క్రమంలో పాఠకుణ్ణి నడిపిస్తారు. రోదసి ప్రయోగాల గురించి రాసేవాళ్లకు ఈ క్రమాన్ని మించిన దారి నాకు కనపడదు.

2005లో ఈ బెలూన్ కేంద్రం నుంచే జరిగిన ఒక ప్రయోగాన్ని చూడండి. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ నాయకత్వంలో, ఇస్రో అండతో జరిగింది. నేల నుంచి 20 కిలోమీటర్లు మొదలుకొని 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలిని పట్టి తెచ్చి, అందులో ప్రాణమున్నవేమైనా ఉన్నాయేమో చూడాలి. పరికరాల బరువు 459 కిలోలు. వాటిని చల్లబరచడానికి 38 కిలోల ద్రవ నియాన్ వాడారు. ఆ నియాన్‌లో మునిగి ఉన్నవి 16 స్టీలు గొట్టాలు. ముందే వాటిలోని గాలంతా తీసేసి, క్రిములేవీ లేకుండా శుద్ధి చేశారు. ద్రవ నియాన్ దాదాపు మైనస్ 246 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి, పైన మూత తెరవగానే లోపలికి వచ్చిన గాలి గోడలకు గడ్డకట్టుకుపోతుంది. ఆ ఖాళీలోకి ఇంకాస్త గాలి వస్తుంది. పలచటి గాలిని పోగుచేయడానికి పంపు లేకుండా చేసిన ఏర్పాటు ఇది. పని పూర్తయ్యాక గొట్టాలు పారాచూట్‌తో కిందికి దిగాయి.

ఇక్కడ శ్రద్ధగా చూడవలసింది గొట్టాలు దొరికిన తరవాతి భాగం. నమూనాలను జీవశాస్త్ర పరిశోధన సంస్థలైన హైదరాబాద్ సీసీఎంబీలోను, పుణె ఎన్‌సీసీఎస్‌లోను విడివిడిగా పరీక్షించారు. ఒకచోట చెయ్యి తడబడి నేల మీది క్రిమి కలిసినా, రెండోచోట ఫలితంతో పోల్చినప్పుడు బయటపడుతుంది. మొత్తం 12 బ్యాక్టీరియా కాలనీలు, 6 శిలీంధ్ర కాలనీలు పెరిగాయి. బ్యాక్టీరియాలో తొమ్మిది నేల మీద తెలిసినవాటిని 98 శాతానికి పైగా పోలి ఉన్నాయి. మూడు మాత్రం కొత్త జాతులు. పీవీఏఎస్-1, బీ3 డబ్ల్యూ22, బీ8 డబ్ల్యూ22 అన్నవి వాటికి పరిశోధనశాలలో పెట్టిన గుర్తులు. తరవాత ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరిట జానీబ్యాక్టర్ హొయిలీ, ఇస్రో పేరిట బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, ఆర్యభటుడి పేరిట బాసిల్లస్ ఆర్యభట్టై అయ్యాయి. తమ దగ్గరి బంధువుల కన్నా ఇవి అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకున్నాయి.

2009 మార్చిలో ఇస్రో ఈ సంగతి ప్రకటించింది. ఆ ప్రకటనలోనే ఇవి భూమి బయటి నుంచి వచ్చాయని ఈ అధ్యయనం తేల్చలేదని స్పష్టంగా ఉంది. ఆకాశంలో కొత్త జీవులు అని శీర్షిక పెట్టే ఉత్సాహంలో ఈ వాక్యమే మొదట జారిపోతుంది. నిజానికి కథనానికి వెన్నెముక అదే. తరవాతి ఏళ్లలో ఆర్యభట బ్యాక్టీరియా రకాలు అనేక దేశాల మట్టిలో, మొక్కల వేళ్ల దగ్గర కనిపించాయి. మొక్కల ఎదుగుదలకు అవి ఎలా తోడ్పడతాయో చూసే పరిశోధనలు సాగుతున్నాయి. పరగ్రహ జీవి అని రాసినవాళ్ల మాట నిలవలేదు, తేలలేదు అని రాసినవాళ్ల మాట నిలిచింది. దీనివల్ల ప్రయోగం చిన్నదేమీ కాలేదు. అంత ఎత్తులోని స్ట్రాటోస్ఫియర్ పొర గాలిని అంత శుద్ధిగా కిందికి తేవచ్చని, దాన్లో బతికున్న జీవులు ఉన్నాయని అది చూపింది.

ఇటీవలి ఉదాహరణ చంద్రయాన్-3. విక్రమ్ ల్యాండర్ 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. నాలుగు రోజులకు ఇస్రో ఒక చిన్న గ్రాఫు విడుదల చేసింది. చాస్టే అనే పరికరం పది ఉష్ణ సెన్సర్లున్న ములుకును చంద్రుడి మట్టిలోకి దించి కొలిచిన లెక్క అది. పైపొరలో 50 డిగ్రీలు దాటిన వేడి, 8 సెంటీమీటర్ల లోతులో మైనస్ 10కి పడిపోయింది. జానెడు కూడా లేని లోతులో అరవై డిగ్రీల తేడా! దిగిన క్షణం నాటి చప్పట్ల కన్నా ఈ గీత ఎక్కువ చెబుతుంది. చంద్రుడి పైమట్టి వేడిని కిందికి పోనివ్వని దుప్పటి.

2025లో వచ్చిన వివరమైన పత్రం ఇంకో మెట్టు ఎక్కించింది. ములుకు దిగినచోట గరిష్ఠ ఉష్ణోగ్రత 82 డిగ్రీలు. దాదాపు ఒక మీటరు అవతల చదునైన చోట 59. కారణం, దిగిన నేల సూర్యుడి వైపు 6 డిగ్రీలు వాలి ఉండటం. అంటే మీటరు నడిస్తే పది సెంటీమీటర్లు ఎత్తు మారే వాలు.  అంత స్వల్పమైన ఒంపే ఇరవై డిగ్రీలకు పైగా మార్చగలిగితే, ధ్రువం వైపు 14 డిగ్రీలకు మించి వాలిన చోట్ల కొద్ది లోతులోనే మంచు నిలిచి ఉండవచ్చు. రేపు మనుషులు నీటి కోసం ఎక్కడ తవ్వాలన్న ప్రశ్నకు ఇది సూటిగా పనికొచ్చే సమాచారం. మిషన్ ప్రాధాన్యం చెప్పమంటే నేను ఈ ఒక్క మీటరు గురించే చెబుతాను.

సంగారెడ్డి జిల్లాలో నోట్సు చదవగలిగినవాళ్లకు కొదవ లేదు. కందిలో ఐఐటీ ఉంది, పటాన్‌చెరులో ఎర్రనేలల, నల్లరేగళ్ల తీరు దశాబ్దాలుగా కొలుస్తున్న ఇక్రిశాట్ ఉంది. చంద్రయాన్-3 పరికరాలు పంపిన సమాచారం, సుమారు 55 జీబీ, మొదటి జాతీయ అంతరిక్ష దినోత్సవమైన 2024 ఆగస్టు 23 నాటికి అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇస్రో ప్రదాన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. ఫిజిక్స్ చెప్పే మాస్టార్లు, కంది విద్యార్థులు అందులోంచి ఒక్క గ్రాఫు తీసుకుని, ఏం కొలిచారో, ఎలా కొలిచారో, ఏది ఇంకా తేలలేదో ఒక పేజీ తెలుగులో రాసి బడి గోడకు అంటించాలని కోరుతున్నాను.